నీళ్ళూ సూదీ

మాచవరం,
14 మార్చి 1944.

ప్రభువునందు ప్రియమైన తమ్ముడు ఏసోబును దీవించి అక్క దేవమ్మ వ్రాయునది.

మేమందరం క్షేమం అని మొదలుపెట్టడం మనకు అలవాటు. ఈసారి కలం ఆ మాట దగ్గర ఆగిపోయింది. కోటప్పకొండ తిరునాళ్ళకు బండ్లు తోలుకొని పోయినవాళ్ళు తిరిగొచ్చిన కొద్దిరోజులకే కలరా పుట్టింది. మొదట ఊళ్ళో, తర్వాత మన పాలెంలో. పొద్దున కల్లంలో మిరపకాయలు ఏరిన మనిషి సాయంత్రానికి ఉండడం లేదు. బడి మూసేశాను. పిల్లలు కూర్చునే చోట సున్నం బస్తాలు దించారు.

నాగమ్మత్త పోయింది. అమ్మ చనిపోయిన ఏడు మన ముగ్గురికీ గంజి పోసి బతికించిన మనిషి. నువ్వు మరిచిపోయి ఉండవు.

ఎట్లా పోయిందో కూడా వ్రాయాలి. సర్కారువాళ్ళు వాగు ఒడ్డున తాటాకు పాకలు వేశారు. జబ్బు తగిలినవాళ్ళను ఇంట్లో ఉంచకూడదని ఉత్తరువు. అది తప్పని నేను అనను. పోలీసులు అత్తను మంచంతో సహా మోసుకుపోయి పాకలో దించారు. వాగు నీళ్ళు తాగకూడదు, జబ్బు అందులోనే ఉందట. మన పాలెం బావిలో ఎర్రమందు కలిపి చుట్టూ ముళ్ళకంప కొట్టారు. ఊరి బావిలో మనల్ని చేద వేయనివ్వరు. మరి పాకలో పడుకున్నవాళ్ళు ఏ నీళ్ళు తాగాలో ఎవరూ చెప్పలేదు. ఆమె కొడుకు పిచ్చియ్య కాపలా జవానును అడుగుతూనే ఉన్నాడట. తన పని కాపలా ఒక్కటే అన్నాడట జవాను. నేను ఊరిలో ఒకరిని బతిమాలి ఒక కుండ పోయించుకొని తీసుకుపోయేసరికి అత్త నోరు తెరుచుకొని ఉంది. కుండలో నీళ్ళు అట్లాగే ఉన్నాయి. ఆ వెంటనే ఆమె గుడిసె తగలబెట్టారు. లోపలున్న జొన్నలు కూడా తీసుకోనివ్వలేదు.

ఇది చూసిన జనం కలరా రాకుండా వేసే సూది పెట్టె కనిపిస్తే చాలు, పొలాలకు పరుగెత్తుతున్నారు. పాకకు మోసేవాళ్ళూ సూది పొడిచేవాళ్ళూ వాళ్ళ లెక్కలో ఒకటే. శానిటరీ ఇన్‌స్పెక్టరు జానకిరామయ్య గారు చెడ్డవాడు కాడు. నీళ్ళ బండి కోసం పైకి వ్రాసి జవాబు కోసం చూస్తున్నానని నాతో చెప్పుకున్నాడు. ఆయన మాట నమ్మి నేను సూది వేయించుకున్నాను. చేయి వాచింది, జ్వరం వచ్చింది, తగ్గింది. ఆ సూది వేయించుకున్న కొద్దిమందిలో ఎవరినీ ఇంతవరకు పాకకు మోయలేదు.

అందుకే నీకు వ్రాస్తున్నాను. నాటకంలో నీ పద్యం కోసం చద్ది మూట కట్టుకొని నడిచిపోయే మనుషులు వీళ్ళు. జాన్ సాహెబ్ కొట్లో నీ గ్రామఫోను ప్లేటు వేస్తే బజారు బజారంతా నిలబడుతుంది. ఒక్కసారి వచ్చి, సూది వేయించుకోండని చెప్పు. మన చెల్లెలు రాహేలు కూడా ఇంకా వేయించుకోలేదు. కడుపుతో ఉంది, భయపడుతోంది. మొగుడు పున్నయ్య పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లో చిక్కుకుపోయాడు, వారానికొకసారి ఇంటికొచ్చినా గొప్పే.

ఆలస్యం చేయవద్దు.

నీ మేలు కోరే
దేవమ్మ


నరసరావుపేట,
19 మార్చి 1944.

నన్ను ఎత్తుకొని పెంచిన అక్కకు ఏసోబు వందనాలు.

నీ ఉత్తరం ముఖానికి రంగు వేసుకుంటున్నప్పుడు అందింది. నాగమ్మత్త మాట దగ్గర ఆగి మళ్ళీ మొదటినుంచి చదివాను. తర్వాత ఏం పాడానో నాకే తెలియదు. రెండో అంకం అయ్యాక తెర దించవద్దని చెప్పి, కిరీటంతోనే ముందుకు వచ్చి నిలబడ్డాను. వన్సుమోరు అని కేకలు వేస్తున్న జనం పద్యం ఎత్తుకుంటాననుకున్నారు. నేను నాగమ్మత్త కథ చెప్పాను. మంచం, పాక, ముళ్ళకంప, కాలిన జొన్నలు, ఏదీ దాచలేదు. చివరకు ఈ మాట అన్నాను:

"గుక్కెడు నీళ్ళియ్యని చేత్తో మందిస్తామంటే ఎట్ట నమ్మేది? నీళ్ళిచ్చిందాకా చెయ్యి చాపమాకండి."

అక్కా, అంతమంది ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ముందు కుర్చీల్లో ఉన్న ఆఫీసర్లు లేచి వెళ్ళిపోయారు. నేను పదేళ్ళుగా రాజు వేషం వేస్తున్నాను. రాజ్యాలు దానం చేసిన ఈ చేతులకే, ఆట అయ్యాక విస్తరి బయట అరుగు మీద వేస్తారు. ఆ సాయంత్రం మొదటిసారి ఆ కిరీటం నాదనిపించింది.

మరునాడు ఒక పత్రిక నా మాటలు అచ్చువేసింది. మా కంపెనీ యజమాని మల్లేశ్వరరావు గారు భయపడుతున్నాడు. యుద్ధం రోజులు, ఇప్పుడున్న చట్టాలకు మాటంటే చాలు లోపల వేస్తారు, వేషం వేసుకున్నంతసేపూ వేషంలోనే ఉండమని నాకు నచ్చజెప్పబోయాడు. నేను వినలేదు. గొంతు ఉన్నవాడు కూడా నోరు మూసుకుంటే నాగమ్మత్త లాంటివాళ్ళ సంగతి ఎవరు చెబుతారు?

చిలకలూరిపేటలో ఆటలు ఒప్పుకున్నాం. మిల్లు పనివాళ్ళు రమ్మని కబురు చేశారు. అక్కడా ఇదే చెబుతాను. అది కాగానే మాచవరం వస్తాను. రాహేలును ధైర్యంగా ఉండమను. పుట్టేవాడికి నా గొంతు వస్తుందని చెప్పు.

నీ తమ్ముడు
ఏసోబు


మాచవరం,
27 మార్చి 1944.

తమ్ముడు ఏసోబుకు,

నీ ఉత్తరం కంటే ముందే నీ మాట వచ్చింది. నరసరావుపేటనుంచి పత్తి బండ్లవాళ్ళు తెచ్చారు. ఇక్కడికి చేరేసరికి అందులో నీళ్ళు లేవు. 'ఏసోబు సూది వద్దన్నాడంట.' ఇంతే మిగిలింది.

నీ మీద నమ్మకం ఎంతదో ఇప్పుడు చూస్తున్నాను. జానకిరామయ్య గారు రావిచెట్టు కింద బల్ల వేసుకొని పొద్దుగూకేదాకా కూర్చుంటే ఒక్కరు రావడం లేదు. జబ్బుపడ్డవాళ్ళను పాకకు మోస్తారని ధాన్యం గాదెల్లో, గడ్డివాముల చాటున దాస్తున్నారు. వాళ్ళ గుడ్డలు వాగులో ఉతుకుతున్నారు. ఆ వాగు కిందనే మరో పాలెం ఉంది. మన సువార్తకూటంలో తప్పెట కొట్టే తండ్రీకొడుకులు ఇద్దరూ పోయారు. ఫిలోమినా పోయింది. నువ్వు నరసరావుపేటకు పోయేటప్పుడు నీకు కొత్త చొక్కా కుట్టిన ఫిలోమినా. వీళ్ళకు సూది వేయించి ఉంటే బతికేవాళ్ళని నేను ప్రమాణం చేయలేను. వేయించుకోకపోవడానికి మాత్రం వాళ్ళు చెప్పింది నీ పేరే.

నువ్వు అబద్ధం చెప్పావని అనడం లేదు. పాకల సంగతి నిజం. నేను వ్రాసినదే నువ్వు చెప్పావు. ఎవరు చెప్పారని జానకిరామయ్య గారు అడిగితే, నేనే అని ఒప్పుకున్నాను. కానీ సర్కారు చేసిన పాపం వేరు, ఆ సీసాలో మందు వేరు. రెండూ ఒకే మూటలో కట్టి విసిరేశావు. వాళ్ళ మీద నీకున్న కోపానికి మన వాళ్ళ చేతులు అడ్డం పెట్టావు.

రాహేలును నేను రోజూ అడుగుతున్నాను. నిన్న దాని చేయి పట్టుకొని బల్ల దాకా తీసుకుపోబోయాను. విడిపించుకొని నిలబడింది.

"అన్న వద్దన్నాడుగా అక్కా. అన్నకంటే నీకెక్కువ తెలుసా?"

ఈ జవాబు నేను చెబితే వినదు. నువ్వే చెప్పాలి. ఆటలన్నీ మానుకొని రా. రాలేకపోతే ఎక్కడున్నావో అక్కడే మళ్ళీ నిలబడి, నీళ్ళు అడగండి, సూది కూడా వేయించుకోండి అని చెప్పు. మొదటి మాటను తెచ్చిన బండ్లే రెండోదాన్నీ తెస్తాయి.

దేవమ్మ


నరసరావుపేట,
3 ఏప్రిల్ 1944.

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం చూసి మొదట నాకు కోపం వచ్చింది. నేను సూది వద్దనలేదు, నీళ్ళిచ్చిందాకా వద్దన్నాను అని నాలో నేనే వాదించుకున్నాను. జనం సగం మాట పట్టుకుపోతే నాదా తప్పు అనుకున్నాను. ఫిలోమినా పేరు మళ్ళీ చదివాక వాదన ఆగిపోయింది. పదేళ్ళుగా వేదిక మీద ఉన్నవాడికి, జనం ఇంటికి ఏ ముక్క పట్టుకుపోతారో తెలియాలి. తెలియకపోతే తెరముందు నిలబడి మాట్లాడకూడదు.

కానీ ఇప్పుడు మాట్లాడడానికి లేదు. చిలకలూరిపేటనుంచి తిరిగి రాగానే నా చేతికి ఉత్తరువు ఇచ్చారు. సభలో గాని, నాటకంలో గాని, బజారులో గాని నేను మాట్లాడకూడదు, పాడకూడదు. నరసరావుపేట పొలిమేర దాటకూడదు. దాటితే జైలు. మల్లేశ్వరరావు గారు నా వేషాలు వేరేవాడికి ఇచ్చాడు.

డిప్యూటీ కలెక్టరు దగ్గరకు నేనే వెళ్ళాను. సూది మంచిదని చెప్పడానికి సెలవిమ్మని అడిగాను. ఆయన ఆఫీసు మెట్లమీద నిలబెట్టి చెప్పించినా సరేనన్నాను. పాకల్లో నీళ్ళు లేవన్నది కట్టుకథ అని, నాగమ్మ అనే మనిషికి అన్ని సదుపాయాలూ చేశారని వ్రాసి సంతకం పెడితే మాట్లాడనిస్తానన్నాడు. నీళ్ళు లేని సంగతి నిజమని, మా అక్క కళ్ళతో చూసిందని చెప్పాను. నిజమో కాదో తనకు అనవసరమని, యుద్ధకాలంలో సర్కారు మీద జనానికి నమ్మకం పోకూడదని అన్నాడు. నమ్మకం పోయింది నా మాట వల్ల కాదు, నీళ్ళు లేకపోవడం వల్ల అన్నాను. బయటికి పొమ్మన్నాడు.

ఏం చేయమంటావు? నా మాట వల్ల చావులు వస్తున్నాయి. దాన్ని సరిదిద్దే మాట నా నోట్లోనే ఉంది. నోరు తెరవాలంటే నాగమ్మత్త చావు మీద అబద్ధం పెట్టాలి. నువ్వు సంతకం పెట్టమంటే పెడతాను. వద్దంటే ఉత్తరువు మీరి జైలుకు పోతాను. నాకు నేనుగా తేల్చుకునే శక్తి లేదు.

దీనితో పాటు రాహేలు పేర వేరే కాగితం పెట్టాను. సూది వేయించుకోమని నా చేత్తో వ్రాశాను. చదివి వినిపించు.

దారి తెలియని తమ్ముడు
ఏసోబు


మాచవరం,
9 ఏప్రిల్ 1944.

ఏసోబుకు దేవమ్మ వ్రాయునది.

ఈ రోజు ఈస్టరు. గుడి తాళం వేసి ఉంది. ఊరి చుట్టూ కాపలా పెట్టారు. టపా మనిషి వాగు అవతలే ఆగి కేక వేస్తున్నాడు, నీ ఉత్తరం అందుకే ఆలస్యమైంది.

రాహేలుకు నీ కాగితం చదివి వినిపించాను. నా మొహం చూస్తూ విన్నది. అయిపోయాక, నువ్వే రాసుకొని నువ్వే చదువుతున్నావు అంది. ఇది అన్న చేతివ్రాత అని చూపిస్తే, నాకు అక్షరాలన్నీ ఒక్క తీరుగానే కనిపిస్తాయి అంది. చిన్నప్పుడు దాన్ని బడిలో కూర్చోబెట్టకుండా గొర్రెల వెంట పంపాం. ఇప్పుడు దానికి నీ గొంతు తప్ప వేరే సాక్ష్యం లేదు.

నన్ను అడిగావు కాబట్టి చెబుతున్నాను. సంతకం పెట్టు.

నాగమ్మత్త నోరు తెరుచుకొని ఉండడం చూసినదాన్ని నేనే. అయినా చెబుతున్నాను. అత్త బతికి ఉంటే, పిల్లలు బతకడానికి నా చావు మీద అబద్ధం ఆడితే ఆడండనే అనేది. నిజం ఎక్కడికీ పోదు, తర్వాత చెప్పుకోవచ్చు. చచ్చినవాళ్ళకు తర్వాత లేదు. పిచ్చియ్యకు నేను నచ్చజెబుతాను. నీ పరువు పోతుంది, నాది కూడా పోతుంది. పోనీ.

సంతకం పెట్టి, వెంటనే ఇక్కడికి రావడానికి అనుమతి అడుగు. ఇంకేమీ అడగవద్దు.

ఈ ఉత్తరం వ్రాసే ముందు మోకాళ్ళ మీద చాలాసేపు ఉన్నాను. నాకు ఏ జవాబూ వినిపించలేదు. ఇది నా మాటే, దేవుడి మాట కాదు.

అక్క


నరసరావుపేట,
16 ఏప్రిల్ 1944.

ప్రియమైన అక్కకు,

సంతకం పెట్టాను.

నువ్వు చెప్పావని పెట్టానని రేపు అనుకునే అవకాశం నీకు ఇవ్వను. కాగితం చదివి, నా చేత్తో, నా ఇష్టంతో పెట్టాను. మరునాటికల్లా దాన్ని కరపత్రాలుగా అచ్చువేసి నాలుగు తాలూకాలకు పంపారు. బజారులో టముకు వేయించారు. ఏసోబు అబద్ధం చెప్పినట్టు ఏసోబే ఒప్పుకున్నాడు, ఇదీ టముకు. అందులో సూది మాటే లేదు.

ఆ సాయంత్రం పేట మైదానంలో నన్ను మాట్లాడనిచ్చారు. డిప్యూటీ కలెక్టరు కుర్చీ వేసుకొని పక్కనే కూర్చున్నాడు, వెనక జవాన్లు. జనం బాగానే వచ్చారు. నేను సూది గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఎవరూ అల్లరి చేయలేదు. వెనకనుంచి ఒక ముసలాయన మాత్రం, చాలా మెల్లగా, "ఎంతిచ్చారు ఏసోబూ?" అన్నాడు. ఆయన గొంతులో ఎగతాళి లేదు, బాధ ఉంది. తర్వాత ఒక్కొక్కరే లేచి పోయారు. పక్కన వేసిన సూది బల్ల దగ్గరకు ఒక్కరూ రాలేదు.

నువ్వూ నేనూ ఒక సంగతి మరిచిపోయాం అక్కా. నా పద్యానికి వాళ్ళు నన్ను మెచ్చుకునేవాళ్ళు. నన్ను నమ్మింది మాత్రం నాగమ్మత్త సంగతి చెప్పినందుకు. ఆ మాట నేనే కాదన్నాక, సూది మంచిదంటే ఎవరు నమ్ముతారు?

మాచవరం రావడానికి అనుమతి అడిగాను. కాపలా ఉన్న ఊరికి జనాన్ని పోగుచేసేవాణ్ణి పంపనన్నాడు డిప్యూటీ కలెక్టరు. ఉత్తరువు కూడా రద్దు చేయలేదు.

ఇక ఎవరినీ అడగను. రైలెక్కితే స్టేషనులోనే పట్టుకుంటారు. మనవైపునుంచి వచ్చిన నాపరాళ్ళ బండ్లు ఖాళీగా తిరిగి పోతున్నాయి, వాటి వెంట నడిచి వస్తాను. సంతకం అబద్ధమనీ చెబుతాను, సూది నిజమనీ చెబుతాను. రెండూ ఒకే నోటితో, ఒకేసారి చెబితే అప్పుడైనా నమ్ముతారేమో. ఆ తర్వాత ఎక్కడికి తీసుకుపోయినా పోతాను.

ఈ ఉత్తరం నాకంటే ముందు చేరితే రాహేలును బయటికి పిలిచి నిలబెట్టు. అది వింటే చాలు.

ఏసోబు


జైలునుంచి,
5 మే 1944.

ప్రియమైన అక్కకు,

నెలకు ఒక ఉత్తరం వ్రాయనిస్తారు. ఇది ముందు జైలు ఆఫీసరు చదివి తర్వాత నీకు పంపుతాడు, అందుకని జాగ్రత్తగా వ్రాస్తున్నాను. ఆరు నెలల శిక్ష వేశారు. ఒంట్లో బాగానే ఉంది. నూలు వడికే పని ఇచ్చారు.

వాగు దగ్గర జరిగింది నీకు తెలుసు. ఇవతలి ఒడ్డునే కాపలావాళ్ళు నన్ను గుర్తుపట్టారు. హెడ్డు కానిస్టేబులు ముర్తుజా నా రెక్క పట్టుకున్నాడు. మన పాలెం మనుషులు అవతలి గట్టుమీదకు చేరడం చూసి, నాకు మాత్రం వినబడేటట్టు, "నేను బేడీలు వెతుక్కుంటా. ఈలోపు చెప్పేది చెప్పుకో" అని సంచిలో చేయి పెట్టాడు. బేడీలు అతని నడుముకే వేలాడుతున్నాయి. ఇదంతా నా విచారణలోనే బయటపడింది కాబట్టి వ్రాస్తున్నాను. ఆ మనిషికి నా వల్ల కష్టం వచ్చిందేమోనని దిగులుగా ఉంది.

ఎండ కళ్ళలో కొడుతుంటే ఎవరు ఎవరో ఆనవాలు పట్టలేకపోయాను. నా గొంతు అవతలి దాకా వచ్చిందా? గాలి ఎదురుగా ఉంది. రాహేలు ఆ గుంపులో కనిపించలేదు. నా మీద అలిగిందా? ఇప్పటికి నెలలు నిండి ఉండాలి. మగపిల్లాడైనా ఆడపిల్లైనా పేరు నన్ను పెట్టనివ్వమని చెప్పు. ఇక్కడ కూర్చొని వడికినంతసేపూ ఆ పేర్లే తలుచుకుంటున్నాను. సూది వేయించుకుందనే నా నమ్మకం. ఆ ఒక్క మాట వ్రాస్తే ఈ ఆరు నెలలు గడిపేస్తాను.

నీ ఉత్తరం కోసం చూసే
ఏసోబు


మాచవరం,
11 జూన్ 1944.

ప్రభువు నిన్ను నిలబెట్టును గాక. తమ్ముడు ఏసోబుకు అక్క దేవమ్మ వ్రాయునది.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. కాగితం ముందు పెట్టుకొని కూర్చోవడం, లేవడం, ఇదే సరిపోయింది. నీ కంటే ముందు ఈ ఉత్తరం చదివే ఆఫీసరు గారు దీన్ని ఆపకుండా నా తమ్ముడికి చేర్చాలని వేడుకుంటున్నాను. ఇందులో సర్కారు మీద ఫిర్యాదు లేదు. ఒక చావు ఉంది.

రాహేలు లేదు.

నువ్వు వాగు దగ్గరకు వచ్చిన రోజు అది గట్టుమీద లేకపోవడానికి అలక కారణం కాదు. అంతకు ముందురోజు దానికి వాంతులు పట్టుకున్నాయి. నేనే పాకకు తీసుకుపోయాను, ఇంట్లో ఉంచితే పక్కవాళ్ళకు తగులుతుందని. కాచి చల్లార్చిన నీళ్ళు దొరికినన్ని మోశాను. అవి చాలలేదు. నీ సంతకం టముకు ఊళ్ళో వేసినప్పుడు అది నవ్వింది. 'అన్న అట్ట చెప్పడు, వీళ్ళే పుట్టించారు' అంది. నువ్వు నిజంగానే పెట్టావని నాకు తెలుసు. దానితో చెప్పలేదు.

గాలి ఎదురుగా ఉన్నా నీ గొంతు వచ్చింది. పాక వాగు ఒడ్డునే కాబట్టి అందరికంటే మాకే బాగా వినిపించింది. మాట పొల్లుపోకుండా నాకు గుర్తుంది:

"నాగమ్మత్తకు నీళ్ళియ్యలేదు. ఇచ్చారని సంతకం పెట్టా, అది అబద్ధం. సూది వద్దని నేనన్నా, అది తప్పు. సూది మంచిది. నీళ్ళడగండి, సూదీ వేయించుకోండి."

రాహేలు కళ్ళు తెరిచింది. అన్న గొంతు బొంగురుపోయిందేంది అని అడిగింది. కొంచెం ఆగి, ఇన్‌స్పెక్టరును పిలవమంది. జానకిరామయ్య గారు వచ్చి దాన్ని చూసి, నన్ను పాక బయటికి పిలిచి, ఇప్పుడు వేసినా ఉపయోగం లేదని చెప్పాడు. లోపలనుంచి అది విన్నదో లేదో.

"పొడవమను అక్కా. అన్న చెప్పాడుగా."

ఆయన మళ్ళీ లోపలికి వెళ్ళి, చేయి తుడిచి, సూది వేశాడు. పెట్టె సర్దుకొని పోతూ నా మొహం చూడలేదు. మరునాడు ఎండ ఎక్కకముందే రాహేలు పోయింది, కడుపులో బిడ్డతోనే. పున్నయ్య వచ్చేసరికి దాని మీద సున్నం చల్లుతున్నారు.

నీ మాట వినగానే జనం పరుగెత్తుకొచ్చి చేతులు చాపారని నువ్వు అనుకుంటూ ఉండవచ్చు. అట్లా జరగలేదు. ఆ రోజు ఎవరూ రాలేదు. ఏసోబు ఒకసారి అట్లా అన్నాడు, ఒకసారి ఇట్లా అన్నాడు, ఏది నమ్మాలి అని గట్టుమీదే పోట్లాడుకున్నారు. పిచ్చియ్య మాత్రం తలగుడ్డ తీసి చేత్తో పట్టుకొని, నిన్ను తీసుకుపోయినంత దూరం చూస్తూ నిలబడ్డాడు.

రాహేలును పూడ్చిన తర్వాత పున్నయ్య ఇంటికి పోలేదు. సున్నం అంటిన ఒంటితో నేరుగా జానకిరామయ్య గారి బల్ల దగ్గరకు నడిచాడు. వెనక మేమందరం వెళ్ళాం, ఏం చేస్తాడోనన్న భయంతో. సీసాలు పగలగొడతాడనుకున్నాను. అతను చొక్కా చేయి పైకి మడిచి, బల్లకు ఎదురుగా నేలమీద చతికిలబడ్డాడు.

"పాకల కాడ నీళ్ళు పెట్టించు. తర్వాత పొడువు. అప్పటిదాకా ఈడనే కూసుంటా."

పక్కన పిచ్చియ్య కూర్చున్నాడు. తర్వాత ముసలి సుబ్బులమ్మ. ఆడవాళ్ళు, మగవాళ్ళు, చంటిపిల్లల తల్లులు, పాలెం అంతా చేతులు మడిచి ఎండలో కూర్చుంది. ఒక్క నినాదం లేదు. పారిపోయే మనుషులను పట్టుకోవడం పోలీసులకు తెలుసు. సూది కోసమే వచ్చి, నీళ్ళు వచ్చేదాకా కదలం అనేవాళ్ళను ఏం చేయాలో వాళ్ళకు తోచలేదు. జానకిరామయ్య గారు ముర్తుజాకు గుర్రమిచ్చి, తాలూకా కచేరీ ఉన్న గురజాలకు కబురు పంపాడు. జబ్బు కంటే ఈ కూర్చోవడం పై ఆఫీసర్లకు ఎక్కువ భయం పుట్టించినట్టుంది. మరునాటికి పీపాలు కట్టిన నీళ్ళ బండ్లు వచ్చాయి. పాకకొక కాగు పెట్టారు. పాలెం బావి చుట్టూ కంప తీసి, నీళ్ళు తోడించి శుభ్రం చేయించారు. ముందు పున్నయ్య చేయి చాపాడు.

ఆ తర్వాత కూడా కొందరు పోయారు. ఒక్కసారిగా ఏదీ ఆగలేదు. ఇప్పుడు పాకలు ఖాళీగా ఉన్నాయి. తొలకరి పడింది. బడి మళ్ళీ తెరిచాను, ముందు వరసలో చోటు మిగులుతోంది. ముర్తుజాను మాచర్లకు మార్చారు, అంతకంటే ఏమీ చేయలేదు, దిగులు పడవద్దు.

ఏసోబూ, నీ మాట విని చనిపోయినవాళ్ళు ఉన్నారు. నీ మాట విని బతికినవాళ్ళూ ఉన్నారు. ఒకదానితో ఒకటి కొట్టివేయడం నాకు చేతకావడం లేదు. నువ్వు మొదట మాట్లాడకుండా ఉంటే నాగమ్మత్త సంగతి ఎవరికీ పట్టేది కాదు, ఆ నీళ్ళ బండ్లూ వచ్చేవి కావు. నువ్వు మాట్లాడినందుకే రాహేలు చేయి వెనక్కు తీసుకుంది. నీ నోరు మూయించకుండా ఉంటే, తప్పు తెలిసిన రోజునే దిద్దుకునేవాడివి, అది బతికేదేమో. నాకు సగం రోజులు నీ మీద కోపం, సగం రోజులు వాళ్ళ మీద కోపం. ప్రార్థనలో ఇద్దరినీ ఎదురెదురుగా పెట్టుకొని కూర్చుంటున్నాను.

విడుదల కాగానే ఎక్కడా ఆగకుండా ఇక్కడికి రా. వస్తే కొందరు నీకు మంచం వాల్చి, కాళ్ళకు నీళ్ళిస్తారు. కొందరు నిన్ను చూసి తలుపు వేసుకుంటారు. నువ్వు ముందు తలుపు వేసుకున్న ఇళ్ళకు పోవాలి. బయట నిలబడు. పద్యాలు వద్దు. వాళ్ళు తిడితే విను, ఏడిస్తే విను. నేను పక్కనే ఉంటాను.

పున్నయ్య తలుపు తీస్తాడో లేదో నాకు తెలియదు. నేను అడగలేదు.

నిన్ను వదలని అక్క
దేవమ్మ